‘ఓన్లీ’ గురించి అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ పాఠాలు చెప్పేటప్పుడు నేను ఎక్కువసార్లు దిద్దే మాట ‘ఓన్లీ’. చిన్నదే అయినా అర్థాన్ని తలకిందులు చేయగలదు.

అపోహ: తెలుగులో ‘ఏ’ పలికిన ప్రతిచోటా ఇంగ్లిష్‌లో ‘ఓన్లీ’ పెట్టాలి.

వాస్తవం: మన ‘ఏ’ రెండు పనులు చేస్తుంది. ‘సీతే వచ్చింది’ అంటే ఇంకెవరూ రాలేదని. ‘ఇంట్లోనే ఉన్నాను, రండి’ అన్నప్పుడు మాత్రం ఎవరినీ, దేన్నీ మినహాయించడం లేదు, ఊరికే నొక్కి చెబుతున్నాం. బ్రిటిష్, అమెరికన్ ఇంగ్లిష్‌లో ‘ఓన్లీ’ మొదటి పని చేస్తుంది, రెండోది చేయదు.

మా విద్యార్థి ఒకరు విదేశంలోని మేనేజరుకు ‘ఐ సెంట్ ఇట్ ఎస్టర్‌డే ఓన్లీ’ అని రాశారు. నిన్ననే పంపేశాను, ఆలస్యం చేయలేదని ఆయన భావం. అవతలి వ్యక్తికి అది ‘నిన్నగానీ పంపలేదు’ అన్నట్టు అర్థమైంది. పని ముందే ముగించిన మనిషి ఆలస్యాన్ని ఒప్పుకున్నట్టయింది! ఇలాంటి చోట ‘ఆల్రెడీ’ వాడాలి. మాట్లాడేటప్పుడైతే ‘ఎస్టర్‌డే’ను ఒత్తి పలికినా చాలు.

అపోహ: ఇలా వాడేవాళ్లకు ఇంగ్లిష్ రాదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. హిందీ ‘హీ’, తమిళ ‘తాన్’ కూడా మన ‘ఏ’ లాంటివే. అందుకే ఈ వాడుక దేశమంతటా స్థిరపడింది. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు దీనికి సిగ్గుపడనక్కర్లేదు. పరీక్షల్లో, బయటి దేశాలకు రాసే ఉత్తరాల్లో మానుకుంటే చాలు.

అపోహ: ‘ఓన్లీ’ తాను పరిమితం చేసే మాట పక్కనే ఉండి తీరాలి.

వాస్తవం: వాడుకలో అది ఎక్కువగా క్రియకు ముందే చేరుతుంది. వారం కిందటే చనిపోయాడనడానికి ‘హీ ఓన్లీ డైడ్ ఎ వీక్ ఎగో’ అనడం తప్పేమీ కాదని 1926లోనే బ్రిటిష్ నిఘంటుకర్త ఫౌలర్ తన ఇంగ్లిష్ వాడుక నిఘంటువులో సమర్థించారు. మాటలో అయితే గొంతే అర్థాన్ని విడదీస్తుంది. ఒప్పందాలు, నిబంధనలు రాసేటప్పుడు మాత్రం స్థానం చూసుకోవాలి. ‘ఓన్లీ ఐ సా ద ఫైల్’ అంటే నేనొక్కడినే చూశాను. ‘ఐ సా ఓన్లీ ద ఫైల్’ అంటే ఫైలు తప్ప ఇంకేమీ చూడలేదు.

అపోహ: ‘ఓన్లీ’ ఎప్పుడూ తగ్గించే చెబుతుంది.

వాస్తవం: ‘ఓన్లీ టూ హ్యాపీ’ అంటే ఎంతో సంతోషమని.