రెండు గంటల జనరేటర్, సగం దిగిన బ్యాటరీ

కాలిఫోర్నియాలోని యొసెమిటీ నేషనల్ పార్కులో జనరేటర్ ఎప్పుడంటే అప్పుడు వేయడానికి వీల్లేదు. ఉదయం 7 నుంచి 9 దాకా, మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, సాయంత్రం 5 నుంచి 7 దాకా. అంతే. ఆ క్యాంప్‌గ్రౌండ్లలో బండికి కరెంటు కనెక్షన్ ఇచ్చే ఏర్పాటు కూడా లేదు. మోటార్‌హోమ్‌లో, అంటే ఇల్లులా నడిచే బండి ఆర్వీలో, లైట్లు, నీళ్ల పంపు, ఫోన్ల చార్జింగ్, రాత్రి హీటర్ ఫ్యాను అన్నీ 12 వోల్టుల బ్యాటరీల మీదే నడవాలి. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండే మనవాళ్లు వేసవిలో ఆర్వీ అద్దెకు తీసుకుని పిల్లలతో వెళ్లే చోటే ఇది.

పెద్ద బండ్లకు జనరేటర్ బిగించే వస్తుంది. చిన్నవాటికి చేత్తో మోసుకెళ్లే పెట్రోల్ జనరేటర్ తోడు తీసుకెళ్తారు. వీటిలో బాగా పేరున్నది హోండా ఈయూ2200ఐ. బరువు 21 కిలోల చిల్లర, ఆగకుండా ఇవ్వగలిగేది 1,800 వాట్లు. ఇంత శక్తి చేతిలో ఉండి కూడా రెండు గంటలు నడిపాక బ్యాటరీ సగమే ఎక్కిందని టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉంటారు. తప్పు సాధారణంగా జనరేటర్‌ది కాదు. జనరేటర్‌కీ బ్యాటరీకీ మధ్యలో ఉన్నవాటిది.

ముందు అవసరమెంతో చూద్దాం. హీటర్ ప్రొపేన్ గ్యాస్ మీద మండినా దాని ఫ్యాను బ్యాటరీ మీదే తిరుగుతుంది, సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది. చలి రాత్రి ఆగుతూ తిరుగుతూ మొత్తం ఐదు గంటలు నడిచిందనుకుంటే 35 ఆంపియర్-అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చేది). మిగతావి కలుపుకుంటే తెల్లారేసరికి 60 దాకా ఖర్చవుతుంది.

ఈ జనరేటర్ల మీద 12 వోల్టుల డీసీ సాకెట్ ఒకటి ఉంటుంది. బ్యాటరీ కూడా 12 వోల్టులదే కదా అని తిన్నగా దానికి తగిలిస్తారు. ఆ సాకెట్ ఇచ్చేది 8 ఆంపియర్లకు కాస్త అటూ ఇటూ. రెండు గంటలకు 16 ఆంపియర్-అవర్లు. రాత్రి పోయినదాంట్లో మూడో వంతు కూడా తిరిగి రాదు. అదే జనరేటర్‌లోని 120 వోల్టుల ఏసీ సాకెట్‌కు మంచి 55 ఆంపియర్ల చార్జర్ తగిలిస్తే, సగం దిగిన బ్యాటరీకి మొదటి గంటలోనే 50 దాకా ఎక్కుతుంది. డీసీ సాకెట్ కారు బ్యాటరీ పూర్తిగా పడుకున్నప్పుడు ఆదుకోవడానికి పనికొస్తుంది, ఇల్లు నడపడానికి కాదు.

ఇక చార్జర్. పాత బండ్లలో ఏసీని డీసీగా మార్చి బ్యాటరీని చార్జ్ చేసే కన్వర్టర్ అనే పెట్టె 13.6 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. లెడ్-యాసిడ్ బ్యాటరీకి చార్జ్ వేగంగా ఎక్కాలంటే 14.4 వోల్టులు కావాలి. లోపలికి ఎంత కరెంటు పోతుందనేది చార్జర్ వోల్టేజికీ బ్యాటరీ వోల్టేజికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ఆ తేడా చిన్నదైతే పెట్టె మీద 55 ఆంపియర్లని రాసి ఉన్నా కాసేపటికే ఇరవైకి, పదికి పడిపోతుంది.

వైరు కూడా ఇదే పని చేస్తుంది. చార్జర్ నుంచి బ్యాటరీకి నాలుగు మీటర్ల దూరం, 8 గేజ్ మందం రాగి తీగ అనుకోండి. పోనూ రానూ ఎనిమిది మీటర్లు. అందులో 50 ఆంపియర్లు పారితే దాదాపు 0.8 వోల్టులు దారిలోనే వేడిగా పోతాయి. చార్జర్ దగ్గర 14.4 ఉన్నా బ్యాటరీ దగ్గర 13.6 మాత్రమే. అందుకే వందల డాలర్లు పోసి పెద్ద జనరేటర్ కొనేముందు చార్జర్‌ను బ్యాటరీ పక్కకు జరిపి లావు తీగ వేయమంటాను. చాలా బండ్లలో ఆ ఒక్క పనితోనే తేడా కనిపిస్తుంది.

అసలు అడ్డంకి మాత్రం బ్యాటరీ రసాయనంలోనే ఉంది. బ్యాటరీ దిగేటప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. చార్జ్ చేస్తే అది తిరిగి సీసంగా, లెడ్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఖాళీ ఆర్టీసీ బస్సు ఎక్కేటప్పుడు తలుపు ఎంత వెడల్పో అంత వేగంగా జనం ఎక్కేస్తారు. నిండాక ఒక్కొక్కరూ సందు చూసుకుని ఇరుక్కోవాలి. బ్యాటరీ కూడా దాదాపు 80 శాతం వరకూ ఇచ్చినంతా తీసుకుంటుంది. ఆపైన ప్లేట్ల లోలోపల మిగిలిన సల్ఫేట్‌ను చేరుకోవడం కష్టమై కరెంటు దానంతటదే తగ్గిపోతుంది. బలవంతంగా తోస్తే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్లుగా విడిపోతుంది. మన ఇళ్లలో ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీకి అప్పుడప్పుడూ డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి రావడానికి కారణం ఇదే.

ఆ చివరి 20 శాతానికి నాలుగైదు గంటలు పడుతుంది. అప్పటికి పోయే కరెంటు 10 ఆంపియర్లంటే 140 వాట్లు. అంత చిన్న పనికి ఇంజన్ తిప్పడం దండగ. హోండా లెక్కల ప్రకారమే చూడండి. 3.6 లీటర్ల ట్యాంకుతో పూర్తి లోడు మీద 3.2 గంటలు నడుస్తుంది, అంటే లీటరుకు 1.6 యూనిట్లు. పావు లోడు మీద 8.1 గంటలు, అంటే లీటరుకు ఒక్క యూనిట్. లీటరు పెట్రోల్‌లో ఉన్న శక్తి సుమారు 9 యూనిట్లు. లోడు తగ్గేకొద్దీ మిగిలేది పొగా, చప్పుడే.

అలాగని ఎప్పుడూ 80 దగ్గరే వదిలేస్తే సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. నాకు నచ్చిన పద్ధతి ఒకటే: పొద్దున్నే బ్యాటరీ బాగా దిగి ఉన్నప్పుడు జనరేటర్‌తో ఆకలి తీర్చి, మిగతాది పైకప్పు మీది సోలార్ ప్యానెల్‌కు వదిలేయడం. ఎండ నెమ్మదిగా రోజంతా ఇస్తుంది. చివరి 20 శాతానికి కావలసింది సరిగ్గా అదే. చాలామంది తిరగేసి చేస్తారు. పగలంతా సోలార్‌తో నిండిన బ్యాటరీకి సాయంత్రం 5 గంటలకు జనరేటర్ వేస్తారు.

చిన్న జనరేటర్ ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు పట్టించుకోవాలి. 55 ఆంపియర్ల పాత కన్వర్టర్ నిజంగా తీసుకునేది 930 వాట్లే అయినా, పవర్ ఫ్యాక్టర్ (లాగే మొత్తం భారంలో నిజంగా పనికొచ్చే వాటా) 0.7 ఉంటే జనరేటర్ ఎలక్ట్రానిక్స్ మీద 1,330 వోల్ట్-ఆంపియర్ల భారం పడుతుంది. వెయ్యి వాట్ల జనరేటర్ అక్కడే ఓవర్‌లోడ్ లైటు వెలిగిస్తుంది. రెండోది ఎత్తు. ప్రతి వెయ్యి అడుగులకు ఇంజన్ శక్తి సుమారు 3.5 శాతం తగ్గుతుంది. యొసెమిటీ లోయ 4,000 అడుగుల్లో ఉంటే టువాలమీ మెడోస్ 8,600 అడుగుల్లో ఉంది. లోయలో బాగా నడిచిన 900 వాట్ల యంత్రం అక్కడ 630 వాట్ల దగ్గర ఆయాసపడుతుంది.

ఇంకో మాట ఏ లెక్కకన్నా ముందు చెప్పాల్సింది. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు (సీవో) వాసన ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలుపులకూ కిటికీలకూ కనీసం 20 అడుగుల దూరంలో, గాలి వాలు చూసి పెట్టాలి. పక్క సైటులో గుడారంలో పడుకున్నవాళ్ల వైపు పొగ పోకుండా కూడా చూడాలి. బండిలో పనిచేసే సీవో అలారం లేకపోతే జనరేటర్ తాడు లాగనే కూడదు.

ఇప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఈ లెక్కను చాలావరకు మార్చేస్తున్నాయి. 95 శాతం దాకా ఒకే జోరుగా తీసుకుంటాయి, సగంలో వదిలినా పాడవవు. 55 ఆంపియర్ల చార్జర్‌తో రెండు గంటలకు నిజంగానే 100 ఆంపియర్-అవర్లు ఎక్కుతుంది. వాటికున్న పట్టింపు చలి. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ చెడిపోతుంది, అందుకే వాటిలోని రక్షణ సర్క్యూట్ చార్జింగ్‌నే ఆపేస్తుంది. నీళ్లు గడ్డకట్టే చలిలో ఉదయం 7 గంటలకు జనరేటర్ వేసినా, బయటి పెట్టెలో ఉన్న బ్యాటరీ వేడెక్కేదాకా ఒక్క ఆంపియర్ కూడా తీసుకోదు. లిథియానికి మారేటప్పుడు బ్యాటరీని బండి లోపలికి, మంచం కిందికో సీటు కిందికో మార్చుకుంటే ఆ రెండు గంటలూ పూర్తిగా చార్జింగ్‌కే దక్కుతాయి.