కాంతి వేగం కొలతకు ఆర్గన్ తయారీదారు తిత్తి

1862లో పారిస్‌లో భౌతిక శాస్త్రవేత్త లియోన్ ఫూకో కాంతి వేగాన్ని కొలవడానికి ఒక చిన్న అద్దాన్ని సెకనుకు 400 సార్లు తిప్పాల్సి వచ్చింది. తిప్పేది గాలి టర్బైన్, అంటే గాలి ఊదితే తిరిగే చక్రం. గాలి ఒత్తిడి కాస్త తగ్గినా, పెరిగినా లెక్కంతా పాడవుతుంది. ఒత్తిడి చెక్కుచెదరని తిత్తిని ఆయనకు చేసిచ్చింది ఏ ల్యాబో కాదు, చర్చిల్లో పైపు ఆర్గన్లు (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే భారీ వాయిద్యాలు) కట్టే ఆరిస్టీడ్ కవాయే-కోల్. కాంతి వేగం సెకనుకు 2,98,000 కిలోమీటర్లని తేలింది (ఇప్పటి విలువ 2,99,792, అంటే ఒక్క శాతం తేడా కూడా లేదు!).

ఆరిస్టీడ్ ఇంట్లో తరాలుగా ఆర్గన్లు కట్టడమే పని. తాత జాన్-పియర్ కవాయే, నాయనమ్మ ఫ్రాన్స్వాజ్ కోల్, ఇద్దరి ఇంటిపేర్లూ కలిసి ఆ జంటపేరు వచ్చింది. తండ్రి డొమినిక్, అన్న విన్సెంట్ కూడా ఆర్గన్లు కట్టినవాళ్లే. దక్షిణ ఫ్రాన్స్ నుంచి 1833లో పారిస్ వచ్చిన ఆరిస్టీడ్, 22 ఏళ్లకే సాన్-దెనీ చర్చి ఆర్గన్ కాంట్రాక్టు కొట్టేశాడు. దాంతో కుటుంబమంతా పారిస్‌కి మకాం మార్చింది.

అసలు చిక్కు గాలిలోనే ఉంది. ఆర్గన్‌లో మెట్టు (హార్మోనియంలో లాంటి కీ) నొక్కితే గాలి ఒత్తిడికి ఎదురుగా ఒక మూత తెరుచుకోవాలి, ఆర్గన్ పెద్దదయ్యేకొద్దీ మెట్లు బిగుసుకుపోయి వాయించేవాడి వేళ్లు పడిపోతాయి. చార్లెస్ బార్కర్ అనే ఇంగ్లిష్ ఆయన దీనికో ఉపాయం చెప్పాడు: వేలు ఓ చిన్న మూత తెరిస్తే చాలు, బుల్లి తిత్తి గాలితో ఉబ్బి బరువైన పనంతా అదే లాగేస్తుంది. 1841లో పూర్తయిన సాన్-దెనీ ఆర్గన్‌లో ఆరిస్టీడ్ దీన్ని పెట్టాడు. పైస్థాయి స్వరాలు పీలగా వినిపిస్తున్నాయని వాటికి విడిగా ఎక్కువ ఒత్తిడి గాలి ఇచ్చాడు కూడా. నా లెక్కలో పెద్ద పెద్ద గొట్టాలకంటే ఈ గాలి పంపకమే ఆయన అసలు గొప్ప.

గొట్టం పొడవు సంగతీ తమాషాగా ఉంటుంది. సెకనుకు 65 కంపనాల స్వరం పలకాలంటే రెండువైపులా తెరిచిన గొట్టం పుస్తకం లెక్కన 2.64 మీటర్లు ఉండాలి. అలా చేస్తే శ్రుతి తగ్గుతుంది, ఎందుకంటే గాలి గొట్టం చివర దాటి బయట కూడా కొంతమేర ఊగుతుంది. గుండ్రటి గొట్టమైతే వ్యాసానికి 5/3 వంతు కోసెయ్యాలని ఆరిస్టీడ్ 1860లో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీకి సమర్పించిన పత్రంలో చెప్పాడు. వ్యాసం 15 సెంటీమీటర్లయితే పాతిక సెంటీమీటర్లు ఎగిరిపోతాయన్నమాట.

డబ్బు దగ్గర మాత్రం ఈయన లెక్కలు కుదర్లేదు. అప్పులపాలై, 1898లో వర్క్‌షాపును షార్ల్ ముతాం అనే ఆర్గన్ తయారీదారుకి ఇచ్చేసి మరుసటి ఏడాదే పోయాడు. పారిస్ సాన్-సుల్పీస్ చర్చిలో 1862లో ఆయన పూర్తిచేసిన ఐదు వరసల మెట్ల ఆర్గన్ ఇప్పటికీ మోగుతోంది, కాకపోతే మనుషులు తొక్కే తిత్తుల స్థానంలో కరెంటు మోటారు వచ్చింది.