క్యాంపస్ కింద పాత ఆవిరి గొట్టాలు

విజయవాడలో రూమ్ హీటర్ కొనేవాళ్లు కనిపించరు. జనవరి తెల్లవారుజామున గీజర్ వేసుకుంటే మన చలికాలం అయిపోయినట్టే. అయినా అమెరికాలోనో కెనడాలోనో పిల్లలు చదువుతున్న ఇళ్లలో, ఇక్కడి బెంజి సర్కిల్ నుంచి గుంటూరు బ్రాడీపేట దాకా, ఫోన్లలో ఈ మాట వస్తూనే ఉంటుంది: "క్యాంపస్ అంతా తవ్వి పెట్టారు, హీటింగ్ పైపులు మారుస్తున్నారట."

ఆ పైపుల కథ 1877 నాటిది. న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్‌లో బర్డ్‌సిల్ హాలీ ఒకే బాయిలర్ నుంచి భూమిలో గొట్టాలు వేసి ఇళ్లకు ఆవిరి పంపాడు. విశ్వవిద్యాలయాలకు ఇది బాగా నప్పింది. భవనానికో బొగ్గు పొయ్యి అక్కర్లేదు, ఒక్క పొగగొట్టం చాలు. ఆవిరి తన ఒత్తిడితోనే పరిగెడుతుంది కాబట్టి తోయడానికి పంపు కూడా వద్దు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విద్యార్థులు పెరిగితే, కొత్త భవనాలనూ అదే లైనుకు తగిలిస్తూ పోయారు.

తంటా అంతా గొట్టాలతోనే. ఇడ్లీ పాత్ర మూత తీస్తే నీళ్లు కారతాయి కదా, ఆవిరి చల్లబడ్డ ప్రతిచోటా అదే జరుగుతుంది. ఆ నీటిని ట్రాపులతో, అంటే ఆవిరిని ఆపి నీటిని మాత్రమే వదిలే కవాటాలతో, పట్టి వెనక్కి పంపాలి. ట్రాపు పాడైతే ఆవిరి వృథా, నీరు నిలిస్తే తుప్పు. పాత గొట్టాల మీద చుట్టింది చాలాచోట్ల ఆస్బెస్టాస్, దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం కాబట్టి ముట్టుకుంటే అదో ఖర్చు. మంచు పడిన రోజున గొట్టం వెళ్లే దారి వెంట మాత్రం మంచు కరిగి గడ్డి బయటపడుతుంది. వేడి అక్షరాలా నేలపాలు!

బాయిలర్ మార్చడం తేలిక. ఆవిరి పద్ధతే వదిలేసి గొట్టాలు మారిస్తే ప్రతి భవనం లోపలి సామాను కూడా మార్చాలి. అందుకే దశాబ్దాల పాటు అతుకులతో నెట్టుకొచ్చారు.

ఇప్పుడు ఆవిరి బదులు వేడినీళ్లు పంపుతున్నారు. వేడి తక్కువ కాబట్టి దారిలో నష్టమూ తక్కువ. పైగా ఒకచోటి వేడిని లాగి ఇంకోచోటికి చేర్చే హీట్ పంపులతోనే ఆ నీళ్లు కాచుకోవచ్చు. ఏసీ ఔట్‌డోర్ యూనిట్ దగ్గర నిలబడితే వేడిగాలి కొడుతుంది కదా, స్టాన్‌ఫోర్డ్ 2015 నుంచి భవనాలను చల్లబరిచేటప్పుడు వచ్చే అలాంటి వేడినే పట్టి వాడుకుంటోంది. ఇండియానాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయం దాదాపు 3,600 బోర్లు వేసి, 2014లో బొగ్గు బాయిలర్లు ఆపేసింది. పల్నాటి రైతుకు చెబితే ముందు "నీళ్లు పడ్డాయా?" అంటాడు. ఈ బోర్లలో నీళ్లు తోడరు. వేసవిలో భవనాల వేడిని భూమిలో దాచి, చలికాలంలో వెనక్కి తీసుకుంటారు.

ఒకచోటి నుంచి గొట్టాల్లో పంపే పద్ధతి మన దగ్గర చల్లదనం కోసం వచ్చింది. అమరావతి ప్రభుత్వ భవనాలకు చల్లని నీళ్లు పంపేందుకు 2019లో సీఆర్‌డీఏ అబుదాబి కంపెనీ తబ్రీద్‌తో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది రాజధాని పనులు ఆగిపోయాయి.

పిల్లలు చెప్పే ఆ తవ్వకాలు ఏళ్ల తరబడి సాగడానికి కారణం చలికాలమే. అప్పుడు హీటింగ్ ఆపలేరు కాబట్టి పెద్ద పనులన్నీ వేసవిలో పెట్టుకుంటారు. 1925 నాటి ఆవిరి వ్యవస్థను మార్చడం 2011లో మొదలుపెట్టిన కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి ఐదేళ్లు పట్టింది.