బలిసిన గొర్రెపిల్లలే ఎందుకు పోతాయి? తొలకరి మేతపై అపోహలు - వాస్తవాలు

"సార్, బలిసినవే పోతున్నాయి, ఎవరి కన్ను పడిందో ఏమో!" అనంతపురం పల్లెల్లో పశువైద్యుడిగా తొలకరి పడ్డ వారానికల్లా నాకు వచ్చే ఫోన్ ఇదే. ఏటా ఇదే మాట.

అపోహ: వేసవంతా మాడిన జీవాలు, పచ్చిక కనిపించిన రోజే కడుపారా మేపాలి.

వాస్తవం: మందలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బలిసిన పిల్లలను ఉన్నట్టుండి చంపేది చిటుకు రోగం. దాన్ని తెచ్చే బ్యాక్టీరియా ఎక్కడినుంచో రాదు, గొర్రె పేగుల్లోనే కొద్దిగా ఉంటుంది. నెలల తరబడి ఎండుగడ్డి, చెనిక్కాయ కట్టె నమిలిన కడుపులో ఒక్కసారిగా లేత పచ్చిక పడితే ఆ బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. ఆబగా తినే పిల్లే ముందు పోతుంది. దిష్టికి ఇందులో పని లేదు.

ఒక కాపరి దొడ్డిలో రెండు పొద్దుల్లో పదకొండు పిల్లలు పోయాయి. రాత్రి ఎగిరినవి తెల్లారేసరికి మెడలు వెనక్కి విరుచుకుని పడున్నాయి. పక్క పొలం వాళ్లు విషం పెట్టారని ఆయన పంచాయితీకి సిద్ధమయ్యాడు. అప్పుడే చచ్చిన పిల్లను కోసి, మూత్రపిండం ఆయన అరచేతిలో పెట్టాను. వేలితో నొక్కితే ముద్దపప్పులా జారింది. చిటుకు రోగం గుర్తు అదే. "పోయిన నెలే సూది వేయించమని చెప్తివి సార్, నేనే వానలు పడనీలే అనుకుంటి" అని అక్కడే కూలబడ్డాడు. ఇంకేం తిడతాం?

వానలు పడనీ అనుకుంటేనే చిక్కు. చిటుకు టీకా మొదటిసారి వేసేవాటికి రెండు డోసులు కావాలి, మధ్యలో రెండు మూడు వారాలు ఆగాలి. మంద పోతుంటే వేసిన టీకా ఆ రోజే కాపాడదు. పైగా కార్తెలను నమ్ముకునే కాలమా ఇది? 2025లో రుతుపవనాలు మే 24కే కేరళ చేరాయి, మామూలుగా అయితే జూన్ 1. మృగశిర దాకా ఆగిన వాళ్ల సంగతి చూసుకోండి. నేనైతే ఏప్రిల్‌లోనే మొదలుపెట్టమంటాను. పచ్చిక వచ్చిన మొదటి వారం, పొద్దున దొడ్డిలోనే కాస్త ఎండుమేత వేసి, గంటో రెండు గంటలో మేపి తోలుకురండి. తర్వాత రోజూ కొంచెం పెంచండి.

అపోహ: చూడి గొర్రెలకు టీకా వేస్తే ఈసుకుపోతాయి (కడుపు పోతుంది).

ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, దీనికి జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. చిటుకు టీకాలో బతికున్న క్రిమి ఉండదు. ఈనడానికి నెల ముందు వేస్తే జున్నుపాల ద్వారా పిల్లకూ రక్షణ దొరుకుతుంది. ఈసుకుపోయేది కాళ్లు పట్టి ఈడ్చి, కింద పడేస్తే. మెల్లగా పట్టుకోండి, చాలు.

అపోహ: గొర్రెలు తిరిగితే నేల గొడ్డుబోతుంది. ఒకేచోట నెలలకొద్దీ నిలిపితే నిజమే. కదులుతూ పోయే మందను రాత్రికి పొలంలో ఆపమని రైతులే డబ్బులిచ్చి మరీ అడుగుతారు, ఎరువు కోసం.

అపోహ: ఎండిపోతున్న జొన్న పశువుకు వదిలేయొచ్చు. వద్దు. 2023 ఆగస్టు లాంటి నెల వస్తే (1901 నుంచి దేశం లెక్కల్లో అంత పొడి ఆగస్టు లేదు) జొన్న మోకాలెత్తులోనే వాడిపోతుంది. అందులోనూ, కోసిన మోళ్లకు వచ్చే లేత పిలకల్లోనూ (నాము) విషం ఎక్కువ. తిన్న కాసేపటికే ఎగశ్వాస, వణుకు, పడిపోవడం. దీనికి నరానికి ఎక్కించే విరుగుడు ఉంది, కానీ టైమ్ ఉండదు. నాటు వైద్యం అంటూ తిరక్కండి, అర్ధరాత్రయినా మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి.