చలికాలం పిట్టలు: గంజాం తీరంలో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలకు రెండు ఆదివారాలు ఒడిశాలోని బరంపురం నుంచి ఏడెనిమిది మందిని వెంటబెట్టుకుని తీరానికి వెళ్తుంటాను. ఎక్కువగా ఋషికుల్య మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గరికి, వీలైతే హుమ్మా ఉప్పు మడులకు, ఏడాదికి ఒకటి రెండుసార్లు చిలికా సరస్సులో రంభ వైపు. వచ్చేవాళ్లలో చాలామంది మన తెలుగిళ్లవాళ్లే. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడుతూ పెరిగినవాళ్లు. పక్షుల మీద వాళ్ల ఇష్టం నిజమైనది. ఆ ఇష్టంతోపాటు చిన్నప్పటి నుంచి విన్న మాటలు కొన్ని తెచ్చుకుంటారు. వాటిలో కొన్నింటి వల్ల ఎవరికీ నష్టం లేదు. కొన్నింటి వల్ల మాత్రం పిట్టలకు నిజంగా ప్రాణం మీదకు వస్తోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అపోహ: చలికాలంలో కనిపించే పెద్ద పక్షులన్నీ సైబీరియా నుంచి వచ్చినవే

ఇది అందరికంటే ముందు వినిపించే మాట. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగల్ని, టెక్కలి దాటాక తేలినీలాపురంలో గూళ్లు కట్టే గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని పేపర్లు కూడా సైబీరియా పక్షులనే రాస్తుంటాయి. ఇవి మూడూ మన దేశపు పక్షులే. నత్తగుల్ల కొంగ ప్రధానంగా దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లోనే ఉంటుంది. వానలు పడి చెరువులు, పొలాల్లో నత్తలు పెరిగే సమయం చూసుకుని తేలుకుంచి చెట్ల మీద గూడు కడుతుంది. పిల్లలు ఎగరడం నేర్చుకున్నాక మేత ఉన్నచోటికి పోతుంది. ఆ ఊరివాళ్లు వాటిని విదేశీ అతిథులుగా చూసుకోవడం ముచ్చటగానే ఉంటుంది కానీ ఆ పిట్టలు పుట్టింది అక్కడే.

సైబీరియా పేరు నిజంగా ఉన్న కొంగ, సైబీరియన్ క్రేన్, ఒకప్పుడు రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత అక్కడ కూడా కనపడలేదు.

మరి దూరం నుంచి వచ్చేవి ఎవరు? మొగ దగ్గర తడి ఇసుక మీద, కోడిపిల్ల సైజులో, మట్టి రంగులో ఉండి ఎవరి కంటా పడని చిన్న పిట్టలు! పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్, కర్లూ శాండ్‌పైపర్ లాంటివి నిజంగానే సైబీరియా ఉత్తరపు కొస నుంచి వస్తాయి. చిలికాలో దిగే సూదితోక బాతులు మధ్య ఆసియా, సైబీరియా చెరువుల నుంచి వస్తాయి. తల వెనక రెండు నల్ల చారలుండే బార్-హెడెడ్ గూస్ మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాల మీదుగా వస్తుంది. అది ఏడు వేల మీటర్లకు పైన ఎగరడం శాస్త్రవేత్తలు పరికరాలతో నమోదు చేశారు. గోపాల్‌పూర్ లైట్‌హౌస్ ముందు అలల మీద తిరిగే బ్రౌన్-హెడెడ్ గల్ చూసి సముద్రపు పిట్టే కదా అనుకుంటాం. అది గుడ్లు పెట్టేది లదాఖ్, టిబెట్ కొండల్లోని సరస్సుల దగ్గర.

అపోహ: గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకోవడానికే ఇంత దూరం వస్తాయి

కొంగల్ని చూసి బాతులకూ, ఉల్లంకులకూ (నీటి ఒడ్డున ఇసుకలో, బురదలో మేసే చిన్న పిట్టలకూ) అదే లెక్క అనుకోవడం వల్ల వచ్చిన మాట ఇది. ఉత్తరం నుంచి వచ్చే పిట్టలు గుడ్లు పెట్టేది అక్కడి వేసవిలో, మే నుంచి జులై మధ్య. మన దగ్గరికి వచ్చేది తిండికి. మిగతా అపోహలన్నిటికీ ఈ ఒక్క విషయమే మూలం కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోమని ప్రతిసారీ చెబుతాను. వాటికి మన ఇసుక, మన బురద వంటిల్లు లాంటివి.

చలికి తట్టుకోలేక వస్తాయి అనేది కూడా సగమే నిజం. అక్కడ నేల, నీళ్లు గడ్డకట్టి పురుగులు, గుల్లలు అందకుండా పోతాయి. పగలు తగ్గడం మొదలవగానే ఒంట్లో ప్రయాణానికి సూచన అందుతుంది. అందుకే మనమింకా ఉక్కపోతలో ఉండగానే, ఆగస్టు ఆఖరుకల్లా తొలి ఉల్లంకులు మొగ దగ్గర దిగిపోతాయి. స్వెట్టర్లు తీసే రోజు కోసం చూస్తూ కూర్చుంటే అప్పటికే అవి వచ్చి మూడు నెలలవుతుంది.

అపోహ: తెల్లారేసరికి అక్కడ ఉంటేనే పిట్టలు కనపడతాయి

అడవిలో, తోటల్లో ఇది సరైన సలహా. సముద్రం ఒడ్డున మాత్రం గడియారం కంటే ఆటుపోట్లు ముఖ్యం. ఇది నాకు నేర్పింది ఋషికుల్య దగ్గర ఒక జాలరి పెద్దాయన. మొదటి ఏడాది చీకటితో లేచి, నలుగురు పిల్లల్ని తీసుకుని వెళ్లి, ఖాళీ ఇసుక చూస్తూ నిలబడ్డాను. వల బాగుచేసుకుంటున్న ఆయన తలెత్తి, "ఏటమ్మా, పిట్టల కోసమా? ఇప్పుడు దూరంగా మేస్తున్నాయి. పోటు ఎక్కనీ, నీ కాడికే వస్తాయి" అన్నాడు. రెండు గంటలు కూర్చున్నాం. నీళ్లు ఎక్కేకొద్దీ పిట్టలు గుంపులు గుంపులుగా వెనక్కి జరిగి మా ఎదుటి ఇసుక దిబ్బ మీదే చేరాయి.

జరిగేది ఇదే. ఆటులో నీళ్లు తీసినప్పుడు బురద, తడి ఇసుక బయటపడతాయి. పిట్టలు ఆ మేర అంతా పరుచుకుని మేస్తాయి. బైనాక్యులర్‌కు కూడా చుక్కల్లా ఉంటాయి. పోటు ఎక్కుతుంటే మేత మునిగిపోతుంది, పొడి దిబ్బల మీదికి చేరి విశ్రాంతి తీసుకుంటాయి. అందుకే పోటు నిండటానికి రెండు గంటల ముందు అక్కడ కూర్చోవాలి. ఈరోజు పోటు ఎనిమిదికి నిండితే రేపు దాదాపు ఎనిమిదీ యాభైకి నిండుతుంది, రోజుకు సుమారు యాభై నిమిషాలు జరుగుతూ పోతుంది. అమావాస్యకు, పౌర్ణమికి నీళ్లు ఎక్కువ ఎక్కుతాయి, ఎక్కువ తీస్తాయి. అష్టమి దగ్గర తేడా తక్కువ. మా ఇంట్లో గోడ మీద పంచాంగం క్యాలెండర్ ఉంటుంది. అందులో తిథి చూడకుండా నేను ఏ ఆదివారమూ ఖరారు చేయను. పోటు సమయాలు ఫోన్‌లోనూ దొరుకుతాయి కానీ మొగ ఏటేటా జరుగుతుంటుంది, ఇసుక దిబ్బలు మారుతుంటాయి. ఈ ఏడు దిబ్బ ఎటు వేసిందో చేపల వేటకు వెళ్లేవాళ్లను అడగాల్సిందే.

వాళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. జాలర్ల వల్లే పిట్టలు బెదిరిపోతున్నాయని పట్నం నుంచి వచ్చినవాళ్లు తరచూ అంటారు. రోజూ ఒకే దారిన, ఒకే నడకతో పోయే మనిషిని పిట్టలు గుర్తుపడతాయి, పెద్దగా పట్టించుకోవు. వాటిని లేపేది పరుగెత్తే కుక్కలు, ఇసుక మీద బైకులు, ఇంకా చెప్పాలంటే మనలాంటి ఆదివారపు గుంపులు.

అపోహ: గుంపును ఒక్కసారి లేపితే ఏమైంది, మళ్లీ వచ్చి వాలతాయి కదా

దీని గురించే నాకు ఎక్కువ బాధ. ఒక జనవరిలో మా బృందంలోకి కొత్తగా వచ్చిన ఒకాయన, పోటు నిండి దిబ్బ మీద కునుకు తీస్తున్న వందల పిట్టల వైపు చప్పట్లు కొడుతూ పరుగెత్తాడు. అన్నీ ఒక్కసారి లేచి, వెండి గుడ్డ తిప్పినట్టు ఆకాశంలో మలుపు తిరిగాయి. చాలామంది ఫోన్లు తీశారు. ఫొటో బాగా వచ్చింది కూడా. పిట్టలు మూడుసార్లు దిగడానికి వచ్చి, మనుషుల్ని చూసి మళ్లీ లేచి, చివరికి నది అవతలికి పోయాయి. అప్పుడు గట్టిగా ఆపనందుకు నన్ను నేను ఇప్పటికీ తప్పుపట్టుకుంటాను. తర్వాత నుంచి బస్సు దిగకముందే ఈ మాట చెబుతున్నాను.

లెక్క వేసి చూడండి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి ఈ పిట్టలు వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకోవాలి. కొన్ని జాతులు బయల్దేరే ముందు తమ బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. వాటికి మేత దొరికేది నీళ్లు తీసిన కొద్ది గంటలే. మిగతా సమయంలో తిన్నది ఖర్చు కాకుండా కదలకుండా ఉండాలి. మనం లేపిన ప్రతిసారీ ఆ కూడబెట్టిన దాంట్లోంచే ఖర్చవుతుంది. 2022 అక్టోబరులో బార్-టెయిల్డ్ గాడ్‌విట్ జాతికి చెందిన ఐదు నెలల పిల్ల ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మానియా దాకా, ఎక్కడా వాలకుండా, 11 రోజుల్లో దాదాపు 13,560 కిలోమీటర్లు ఎగిరింది. మన దగ్గరికి వచ్చేవి వేరే దారిలో వచ్చే గాడ్‌విట్లు. అయినా ఒంటి కొవ్వే వాటికీ ఇంధనం.

ఆచరణలో చేయాల్సింది తేలికే. పిట్ట మేత ఆపి తల ఎత్తిందంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టే. అక్కడే ఆగండి, కూర్చోండి. నేరుగా దాని వైపు నడవకండి, పక్కగా పోతున్నట్టు నడవండి. కూర్చున్న మనిషి దగ్గరికి పిట్టలు వాటంతట అవే వస్తాయి. అలా పది అడుగుల దూరంలో శాండర్‌లింగ్ అల వెంట పరుగెత్తడం చూసిన పిల్లలు మళ్లీ పరుగెత్తమన్నా పరుగెత్తరు.

అపోహ: పెద్ద కెమెరా లేకపోతే దండగ

కాదు. 8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది) ఒకటి ఇద్దరి మధ్య ఉన్నా చాలు. మొదటిసారి వచ్చేవాళ్లను అసలు కెమెరా ఇంట్లో పెట్టి రమ్మంటాను.

అపోహ: ఇసుక మీది చిన్న పిట్టలన్నీ ఒకటే, గుర్తుపట్టడం మన వల్ల కాదు

మన పెద్దవాళ్లు అన్నిటినీ ఉల్లంకి అనేశారు, దాంతో ఈ తికమక మొదలైంది. రంగు చూసి మొదలుపెడితే కష్టమే, చలికాలంలో అన్నీ బూడిద రంగులోనే ఉంటాయి. తిండి తినే తీరు చూడండి. ప్లోవర్లకు ముక్కు పొట్టి, కళ్లు పెద్దవి. నాలుగడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, కంటికి కనపడినదాన్ని పొడుస్తాయి. శాండ్‌పైపర్లు తల దించి, కుట్టుమిషన్ సూదిలా ఇసుకలో టకటకా గుచ్చుతూ పోతాయి. వాటి ముక్కు కొసన స్పర్శ తెలిసే భాగాలుంటాయి, లోపల కదిలే పురుగును చూడకుండానే పసిగడతాయి. శాండర్‌లింగ్ అల వెనక్కి పోగానే వెంటపడి, అల వస్తే వెనక్కి ఉరుకుతుంది. కర్లూ ముక్కు కొడవలిలా వంగి ఎంత పొడుగంటే ఎండ్రకాయ బొరియ లోపలికి పోతుంది. ఒకే బురదలో ఒక్కో ముక్కుది ఒక్కో లోతు. అందుకే ఇన్ని జాతులు పక్కపక్కనే మేసినా గొడవ తక్కువ. ఈ నాలుగు తెలిస్తే మొదటి రోజుకు చాలు. బాగా దగ్గర నుంచి చూడాలంటే హుమ్మా ఉప్పు మడులు మేలు. గట్టు మీద నిలబడితే పొడుగాటి గులాబీ కాళ్ల స్టిల్ట్‌లు, అరచేతిలో పట్టేంత లిటిల్ స్టింట్‌లు తేటగా కనపడతాయి.

అపోహ: చక్రవాకాల జంట రాత్రి విడిపోయి ఒకరినొకరు పిలుచుకుంటూ ఏడుస్తాయి

ఈ మాట మన కావ్యాల్లోంచి వచ్చింది, అందుకే దీని మీద నాకు ప్రేమ. చక్రవాకం కల్పన కాదు, ఉన్న పక్షే. నారింజ రంగు ఒళ్లు, లేత రంగు తల, ఎగిరినప్పుడు రెక్కలో తెల్లటి పట్టీ. లదాఖ్, టిబెట్, మధ్య ఆసియాల్లో గుడ్లు పెట్టి చలికాలంలో చిలికాకు వస్తుంది. టాంగీ దగ్గర మంగళజోడిలో పడవ మీద వెళ్తే ఎదురవుతుంది. జంట రాత్రి విడిపోవడం మాత్రం నిజం కాదు. ఇవి చీకట్లోనూ మేస్తాయి. మేస్తూ కాస్త దూరం జరిగినప్పుడు ఒకదానికొకటి గొంతు ఇచ్చుకుంటాయి. నది ఒడ్డున చీకట్లో ఆ పిలుపు విన్న కవికి విరహం స్ఫురించడంలో ఆశ్చర్యం లేదు, ఆ గొంతు అలాగే ఉంటుంది.

ఆ పడవ నడిపేవాళ్ల సంగతీ చెప్పాలి. మంగళజోడి ఒకప్పుడు పిట్టల వేటకు పేరుపడ్డ ఊరు. అప్పట్లో వేటాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు కాపలాదారులు, గైడ్లు. ఈ మధ్య ఏళ్ల జనవరి లెక్కల్లో చిలికాలో పది లక్షలు దాటి పక్షులు తేలుతున్నాయి. అందులో వాళ్ల పాత్ర చిన్నది కాదు.

అపోహ: చలికాలం పిట్ట మాంసం ఉబ్బసానికి, కీళ్ల నొప్పులకు మందు

దీనికి ఏ ఆధారమూ లేదు. పైగా ప్రమాదం. వేటగాళ్లు బాతుల్ని పట్టడానికి మేతలో పురుగుమందు కలుపుతారు, ఆ మాంసం వండుకుంటే విషం వండుకున్నట్టే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ పిట్టల వేట జైలుకు పంపే నేరం. ఎవరైనా రహస్యంగా అమ్మజూపితే కొనకండి, అటవీశాఖకు చెప్పండి. చచ్చి పడి ఉన్న పిట్టను కూడా చేత్తో ముట్టుకోవద్దు, ఫొటో తీసి వాళ్లకే చెప్పండి.

అపోహ: లెక్కలు శాస్త్రవేత్తల పని, మనది కాలక్షేపం

1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన ఎక్కువగా మనలాంటి వాలంటీర్ల మీదే నడుస్తోంది. పెద్ద గుంపును లెక్కపెట్టడానికి ముందు పది పిట్టల్ని లెక్కపెట్టి అవి ఎంత మేర ఉన్నాయో కంటితో పట్టుకోండి, తర్వాత ఆ మేరను గుంపు పొడవునా వేసుకుంటూ పోండి. పక్షులు చూసిన వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో తేదీ, చోటు, సంఖ్య ఎక్కించండి. కాలికి పరిశోధకులు కట్టిన రంగు జెండా ఉన్న పిట్ట కనపడితే ఏ కాలు, ఏ రంగు, దాని మీద అక్షరాలేమిటో తప్పకుండా రాసుకోండి. అది ఎక్కడ కట్టిన జెండానో తెలిసిందంటే ఆ పిట్ట దారిలో ఒక మజిలీ తెలిసినట్టే.

అపోహ: ఫిబ్రవరి అయిపోతే తీరంలో పని అయిపోయింది

బాతులు వెళ్తాయి, ఉల్లంకులు ఏప్రిల్ దాకా వెళ్తూనే ఉంటాయి. అదే సమయంలో ఋషికుల్యకు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అప్పుడు రాత్రిపూట టార్చిలైట్లు పట్టుకుని ఒడ్డు మీద తిరగకూడదు. పగలు వెళ్లినా ఇసుక మీద అడుగు చూసి వేయాలి. కెంటిష్ ప్లోవర్, లిటిల్ టెర్న్ లాంటివి మనతోనే ఉండి అదే ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్లు అచ్చం ఇసుక రంగులో, గులకరాళ్లలా ఉంటాయి, కాలి కింద పడేదాకా తెలియదు. మీ ముందు ఒక చిన్న పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నడిస్తే జాలిపడి దాని వెంట పోకండి. గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయి, మిమ్మల్ని అక్కడి నుంచి దూరంగా లాక్కుపోవాలని చూస్తోంది. ఉన్నచోటే ఆగి, వచ్చిన అడుగుల్లోనే కాలు వేసుకుంటూ వెనక్కి వెళ్లిపోండి.