తెరలో నీలం ఎందుకు ముందు అలిసిపోతుంది

పిల్లలూ,

మొన్న మీలో ఒకరు పాత ఫోన్ పట్టుకొచ్చి, "అమ్మమ్మా, స్క్రీన్ మీద కీబోర్డు నీడలా పడిపోయింది, ఎంత తుడిచినా పోవట్లేదు" అన్నారు. అది తుడిస్తే పోయేది కాదమ్మా. రోజూ అదే చోట కీబోర్డు వెలిగీ వెలిగీ, అక్కడ వెలుగునిచ్చే అణువుల్లో కొన్ని విరిగిపోయాయి. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ అణువులతోనే గడిపాను కాబట్టి, ఆ రోజు హడావిడిలో సగం చెప్పి వదిలేసింది ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను.

ముందు ఒక పని చేయండి. ఓఎల్ఈడీ తెర (కరెంటిస్తే కర్బన అణువులే వెలిగే తెర) ఉన్న ఫోన్‌లో తెల్లటి పేజీ తెరిచి, దాని మీద ఆవగింజంత నీటి చుక్క పెట్టండి. చుక్క భూతద్దంలా పనిచేస్తుంది, తెలుపు మాయమై ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. చాలా ఫోన్లలో నీలం చుక్క ఎరుపుకన్నా పెద్దగా ఉంటుంది. అందం కోసం కాదు. చుక్క పెద్దదైతే అదే వెలుగుకి ఒక్కో అణువు మీద పడే కరెంటు భారం తగ్గుతుంది, నీలం ఇంకొన్నాళ్లు బతుకుతుంది. అంటే నీలం బలహీనమని ముందే ఒప్పుకుని ఫోన్ తయారుచేశారన్నమాట.

ఈ తెరలకు మొదలు 1987. ఈస్ట్‌మన్ కొడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ కలిసి చాలా పలచని కర్బన పదార్థపు పొరలకు కరెంటిచ్చి మంచి వెలుగు రప్పించారు. ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు వస్తాయి, రెండోవైపు నుంచి ఎలక్ట్రాన్ లేని ఖాళీలు వస్తాయి, రెండూ ఒక అణువు మీద కలుసుకున్నప్పుడు ఆ అణువుకి శక్తి పోగవుతుంది, ఆ శక్తినే అది వెలుగుగా వదిలేయాలి. చిక్కంతా ఇక్కడే. ఎలక్ట్రాన్‌కి స్పిన్ అనే గుణం ఉంటుంది. రెండు స్పిన్‌లు కలిసే పద్ధతులు నాలుగు. అందులో ఒకటి సింగ్లెట్, మిగతా మూడూ ట్రిప్లెట్. మామూలు కర్బన అణువుల్లో సింగ్లెట్ మాత్రమే చటుక్కున వెలుగుతుంది, ట్రిప్లెట్‌కి ఆ దారి దాదాపు మూసే ఉంటుంది, దాని శక్తి చాలావరకు వేడిగా పోతుంది. నాలుగు పాళ్లలో మూడు పాళ్లు వృథా!

ఆ మూసిన తలుపు తెరిచింది బరువైన లోహాలు. 1998లో స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్‌ల బృందం ప్లాటినం ఉన్న అణువుతో ఎరుపు తెప్పించింది, మరుసటి ఏడే ఇరిడియంతో ఆకుపచ్చ వచ్చింది. ఇరిడియం కేంద్రకంలో 77 ప్రోటాన్లుంటాయి. అంత బరువైన కేంద్రకం దగ్గర తిరిగే ఎలక్ట్రాన్ వేగానికి దాని స్పిన్, కక్ష్య ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయి, ట్రిప్లెట్ వెలగకూడదన్న నియమం సడలిపోతుంది. లోహం లేకపోతే మిల్లీసెకన్లో, ఒక్కోసారి సెకన్లో పట్టే పని ఒకటి రెండు మైక్రోసెకన్లలో అయిపోతుంది. దీన్నే ఫాస్ఫరెసెన్స్ అంటారు. (1803లో కనుగొన్న ఇరిడియంకి పేరు పెట్టినప్పుడు దాని లవణాల రంగులు చూసి ఇంద్రధనుస్సు దేవత ఐరిస్ పేరు పెట్టారు. రెండు వందల ఏళ్ల తర్వాత అది రంగుల తెరలోకే రావడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.)

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట ఒకటే చూపించేదాన్ని. ఆకుపచ్చ వెలుగునిచ్చే ఆ ఇరిడియం పదార్థం చూడ్డానికి పసుప్పచ్చ పొడి. చిటికెడు పొడిని టోలుయీన్ అనే ద్రావకంలో కరిగించి, చీకటి చేసి, యూవీ దీపం కింద పెడితే వెలుగు నీరసంగా ఉంటుంది. అప్పుడు సన్నటి గొట్టంతో నత్రజని బుడగలు పంపుతాం. కాసేపటికి ద్రావణం అడుగు నుంచి పైదాకా పచ్చగా, చేతి గీతలు కనబడేంతగా వెలుగుతుంది. మూత తీసి గాలి తగలనిచ్చి ఊపితే మళ్లీ డల్ అయిపోతుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ ట్రిప్లెట్ శక్తిని లాగేసుకుంటుంది. మైక్రోసెకను మనకి లెక్కలోకి రాదు గానీ, శక్తిని పెట్టుకుని అంతసేపు ఎదురుచూడడం అణువుకి చాలా పెద్ద ప్రమాదం. తెరని గాలీ తేమా చొరబడకుండా సీలు చేయడానికి ఇదొక కారణం.

అణువులు మరీ దగ్గరగా ఉన్నా ఒకదాని వెలుగుని ఇంకొకటి చంపేస్తుంది. అందుకే నూటికి ఐదు నుంచి పది పాళ్ల దాకా మాత్రమే వెలిగే అణువుని వేసి, మిగతాదంతా హోస్ట్ అనే ఇంకో పదార్థంతో నింపుతారు. హోస్ట్ ట్రిప్లెట్ మెట్టు, అంటే దాని శక్తి స్థాయి, మరింత ఎత్తులో ఉండాలి, లేకపోతే శక్తి దానిలోకి జారిపోతుంది.

ఇక నీలం. ఎరుపు కాంతి కణానికి సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలమానం) శక్తి, ఆకుపచ్చకి 2.4, నీలానికి 2.7. ఈ అణువుల్లో బలహీనమైన బంధాలు తెగడానికి 3, 3.5 చాలు. ఒక్క ట్రిప్లెట్ ఒంటరిగా అంత పని చేయలేదు. కానీ ఎదురుచూస్తున్న రెండు ట్రిప్లెట్లు తారసపడి ఒకటి తన శక్తినంతా రెండోదానికి ఇచ్చేసిందనుకోండి, రెండోదాని మీద ఐదుకి పైగా పడుతుంది. బంధం తెగుతుంది. తెగిన ముక్క ఊరికే ఉండదు, పక్కవాటి వెలుగుని కూడా మింగుతుంది. వెలుగు ఎక్కువ, బతుకు ఎక్కువ అని రెండు వేరు వేరు లక్ష్యాలుగా చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. శక్తిని ఎంత త్వరగా వెలుగుగా వదిలేస్తే అణువు అంత క్షేమంగా ఉంటుంది, రెండూ ఒకే పని.

మేము ఒకసారి ఆకుపచ్చని నీలం వైపు జరపడానికి లైగాండ్‌కి ఫ్లోరిన్ తగిలించాం. లైగాండ్ అంటే లోహాన్ని పట్టుకుని ఉండే భాగం. సాయంత్రం ఆ పరికరం వెలిగినప్పుడు లేత నీలం చూసి అందరం పనులాపి నిలబడిపోయాం. తెల్లారేసరికి వెలుగు సగం కూడా లేదు. చాలా బాధపడ్డాను. తర్వాత పరీక్షిస్తే ఫ్లోరిన్ ఊడిపోయిన అణువులు, లైగాండ్ జారిపోయిన అణువులు కనిపించాయి. రంగు తెచ్చిన ఫ్లోరినే బలహీనత కూడా తెచ్చింది. దానికి తోడు, లోహానికీ లైగాండ్‌కీ మధ్య బంధం వదులైపోయే ఒక మెట్టు పైన ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ దానికి చాలా కింద ఉంటాయి, నీలం మాత్రం దాదాపు అంచుకి చేరుతుంది, గది వేడి చాలు ఎక్కడానికి.

అందుకే ఇప్పుడు లోహాన్ని గట్టిగా పట్టుకునే కార్బీన్ లైగాండ్‌లు కడుతున్నారు, వాటితో ఆ మెట్టు ఇంకా పైకి పోతుంది. ప్లాటినంనైతే నాలుగువైపులా ఒకే లైగాండ్‌తో బిగిస్తున్నారు, ఒక పట్టు సడలినా మిగతా మూడు ఉంటాయి. తెగే చోట హైడ్రోజన్ బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెడితే ఆ బంధం నెమ్మదిగా తెగుతుంది. నాకు ఎక్కువ ఆశ కలిగించేది ఇంకొకటి: ఇరిడియం లేదా ప్లాటినం అణువు ట్రిప్లెట్లని పట్టుకుని, తను వెలగకుండా వెంటనే పక్కనున్న మామూలు ఫ్లోరసెంట్ (సింగ్లెట్‌తో వెలిగే) అణువుకి అందించడం. ఆ అణువు నానోసెకన్లలో వెలిగేస్తుంది, ఎదురుచూపు బాగా తగ్గిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చల్లో ఫాస్ఫరెసెన్స్ ఎన్నో ఏళ్లుగా ఉంది, నీలానికి మాత్రం ఇన్నేళ్లూ ఎక్కువగా ఫ్లోరసెన్స్‌తోనే సరిపెట్టుకున్నాం.

నీటి చుక్క పెట్టి చూశాక, మీ ఫోన్‌లో నీలం చుక్క ఏ ఆకారంలో ఉందో, ఎరుపుకన్నా ఎంత పెద్దదో కాగితం మీద గీసి పంపండి. ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది, అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాను.

మీ అమ్మమ్మ