1949 నాటి బొమ్మకు పాతికేళ్ల తర్వాతి గొంతు

డైరీ సినిమా అనగానే ఆ రోజు చూసింది ఆ రోజే తీసి దాచుకోవడం అనుకుంటాం. తీయడం వరకు అది నిజమే. కానీ లిథువేనియా నుంచి అమెరికా చేరిన దర్శకుడు జోనాస్ మేకాస్ తీసిన ‘లాస్ట్, లాస్ట్, లాస్ట్’లో బొమ్మలు 1949-63 మధ్యవి, సినిమా బయటికొచ్చింది 1976లో. న్యూయార్క్‌లో కొత్తగా దిగిన కుర్రాడు తీసిన దృశ్యాల మీద యాభై దాటిన మనిషి గొంతు వినిపిస్తుంది. దేశం పోగొట్టుకున్నవాడి బాధ ఎక్కువగా ఈ ఎడంలోనే తెలుస్తుంది.

మేకాస్‌ది లిథువేనియాలో రైతు కుటుంబం. 1944లో తమ్ముడు అడొల్ఫాస్‌తో కలిసి ఊరు విడిచాడు. జర్మన్లు దారిలోనే పట్టుకుని, హాంబర్గ్ దగ్గరి ఎల్మ్స్‌హోర్న్‌లో వెట్టిచాకిరి శిబిరంలో వేశారు. యుద్ధం ముగిసేసరికి లిథువేనియా సోవియట్ చేతిలో ఉంది. వెనక్కి వెళ్లే దారి లేక నిర్వాసితుల శిబిరాల్లో ఏళ్లు గడిపి, 1949 అక్టోబరులో అన్నదమ్ములిద్దరూ న్యూయార్క్ చేరారు. కొద్ది వారాలకే అప్పు చేసి బోలెక్స్ 16 ఎంఎం కెమెరా కొన్నారు. అప్పటి ఆలోచన డైరీ కాదు, తమలాంటి నిర్వాసితుల మీద డాక్యుమెంటరీ. అది పూర్తి కాలేదు, ఫుటేజీ మాత్రం మిగిలింది.

ముక్కలుముక్కలుగా తీసే ఈ డైరీ శైలిలో ఆ కెమెరాకూ వాటా ఉంది. బోలెక్స్‌కు బ్యాటరీ అక్కర్లేదు, గడియారంలా కీ ఇచ్చే స్ప్రింగ్ చాలు. పూర్తిగా కీ ఇస్తే సెకనుకు 24 ఫ్రేముల చొప్పున దాదాపు 28 సెకన్లు ఆడుతుంది. 100 అడుగుల రీల్లో 4,000 ఫ్రేములు, అంటే మూడు నిమిషాలకు కాస్త తక్కువ. ఫిల్ము ఖరీదు, కూలి పని చేసుకునేవాడికి తీరిక తక్కువ. అందుకే రెండు సెకన్లు ఇక్కడ, నాలుగు ఫ్రేములు అక్కడ. కెమెరా గరగరలాడుతుంది, స్ప్రింగ్ వేగం కచ్చితంగా నిలవదు కాబట్టి పెదవులకు మాట కలవదు. మాటను విడిగా, తర్వాత చేర్చాల్సిందే. ఆ ‘తర్వాత’ మేకాస్‌కు కొన్నిచోట్ల పాతికేళ్లయింది.

1971లో, 27 ఏళ్లకు, సొంతూరు వెళ్లే వీలు చిక్కింది. తీసుకెళ్లిన కొత్త బోలెక్స్‌లో లోపం బయటపడింది. 24 దగ్గర పెట్టినా వేగం దానంతటదే మారిపోయేది. లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం మార్చకుండా వేగం సగానికి పడితే ఒక్కో ఫ్రేముకు రెట్టింపు వెలుతురు తగిలి బొమ్మ తెల్లబారుతుంది, వేగం పెరిగితే నల్లబడుతుంది. బాగుచేయించే వీల్లేదు. ఆ హెచ్చుతగ్గుల్నే శైలిగా తీసుకున్నాడు. 1972 నాటి ‘రెమినిసెన్సెస్ ఆఫ్ ఎ జర్నీ టు లిథువేనియా’లో తల్లి ఆరుబయట పొయ్యి రాజేసి వంట చేస్తుంటుంది. ఆ బొమ్మ నిలకడగా ఉండదు. అన్నేళ్లకు తల్లిని చూసిన కొడుకు చూపు అలాగే ఉంటుందనిపిస్తుంది.

కెమెరా చేతికి వచ్చేసరికి మేకాస్‌కు 27వ ఏడు నిండబోతోంది. అంతకు ముందటి జీవితానికి ఫుటేజీ లేదు, ఆయన చెప్పిందీ రాసుకున్నదీ మాత్రమే ఆధారం. 2018లో చరిత్రకారుడు మైకేల్ కాస్పర్ ప్రశ్నించింది ఆ భాగాన్నే. నాజీ ఆక్రమణ కాలంలో మేకాస్ పనిచేసిన లిథువేనియా పత్రికలు యూదు వ్యతిరేక రాతలు అచ్చేశాయని ఆయన చూపించారు. అప్పటికి మేకాస్ బతికే ఉన్నాడు, 2019 జనవరిలో చనిపోయాడు. ఆయన జ్ఞాపకాల్లో ఏముంది, ఏది లేదు అన్న చర్చ ఇంకా సాగుతోంది. సినిమాలు చూసేవాళ్లు ఆ చర్చనూ చదవాలి.